ఇరవై ఒక్క రోజుల గడువు



ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లే జాతీయ రహదారి మీద, పెనుబల్లిని ఆనుకునే వి.ఎం.బంజర్ కూడలి ఉంటుంది. అక్కడి నుంచి పడమరకు వెళితే కల్లూరు, తల్లాడ, వైరా దాటి ఖమ్మం. తూర్పుకు వెళితే సత్తుపల్లి. దక్షిణానికి తిరిగి ముత్తగూడెం దాటితే ఆంధ్రప్రదేశ్, ఆ వెంటనే తిరువూరు. ఉత్తరాన అడవి, ఆ అడవి వెనక భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మండలంలోని ఏ ఊళ్లోనైనా అర్ధరాత్రి ఓ ఇల్లాలికి నొప్పులు మొదలైతే బండి ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేం. పెనుబల్లి ప్రభుత్వ ఆసుపత్రికే రావచ్చు, ఖమ్మం పోవచ్చు. పుట్టిల్లు తిరువూరు వైపైతే అటే పోవచ్చు. పరిస్థితి చేయి దాటేలా ఉంటే విజయవాడ దాకా పరుగెత్తాల్సి రావచ్చు. ఆ సమయంలో ఇది ఏ రాష్ట్రం, ఏ మండలం అని ఎవరూ చూసుకోరు, చూసుకోకూడదు కూడా. అయితే ఆ బండి ఎటు తిరిగిందన్న దాన్నిబట్టే ఒక విషయం తేలిపోతుంది. పుట్టిన బిడ్డ పేరు ఏ ఆఫీసు రిజిస్టరులో ఎక్కాలన్నది.

జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. దాని ప్రకారం కాన్పు ఎక్కడ జరిగితే నమోదు అక్కడే. తల్లిదండ్రుల కాపురం ఎక్కడ, ఓటు ఎక్కడ, రేషన్ కార్డు ఎక్కడ అన్నది లెక్కలోకి రాదు. పెనుబల్లి దంపతులకు విజయవాడ ఆసుపత్రిలో బిడ్డ పుడితే ఆ సర్టిఫికెట్ విజయవాడ నగరపాలక సంస్థ ఇవ్వాల్సిందే. పెనుబల్లి పంచాయతీ కార్యదర్శి ఎంత మంచివాడైనా ఇవ్వలేడు. మరణానికీ ఇదే సూత్రం. ఖమ్మం ఆసుపత్రిలో కన్నుమూసిన పెద్దాయనకు దహనం సొంతూళ్లో జరిగినా, మరణ ధ్రువీకరణ పత్రం ఖమ్మం నుంచే రావాలి. ఈ చిన్న సంగతి తెలియక నెలల తరబడి సొంత పంచాయతీ చుట్టూ తిరిగి, ఆనక అసలు ఊరికి వెళ్లేసరికి గడువు దాటిపోయిందని తెలుసుకునే కుటుంబాలు సరిహద్దు మండలాల్లో ఎక్కువ.

మరి 108 బండిలోనే కాన్పు అయిపోతే? దానికీ నిబంధన ఉంది. కదిలే వాహనంలో జననమో మరణమో జరిగితే, ఆ బండి మొట్టమొదట ఎక్కడ ఆగిందో అక్కడ సమాచారం ఇవ్వాలి. ఇచ్చే బాధ్యత బండిని నడిపించేవారిది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఇరవై ఏళ్లలో పల్లెపల్లెకూ చేరింది. అడవి దారుల్లో దాని లోపలే కళ్లు తెరిచిన పసికందులెందరో. వాళ్లందరికీ పుట్టిన ఊరంటూ ఒకటి కాగితం మీద ఉండాలి కదా.

గడువు 21 రోజులు. తెలుగు ఇళ్లల్లో బారసాల ఇరవై ఒకటో రోజున చేసే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. పేరు పెట్టకుండా ఏం రాయిస్తాం, బారసాల అయ్యాక చూద్దాం అనుకుంటారు. ఆ రోజు చుట్టాలు, భోజనాలు, ఆ మర్నాడు పొలం పని. గడువు కాస్తా జారిపోతుంది. నిజానికి పేరుతో పనే లేదు. పేరు గడి ఖాళీగా ఉంచి జననాన్ని నమోదు చేయించుకోవచ్చునని చట్టంలోనే రాసి ఉంది. ఏడాదిలోపు వచ్చి చెబితే రుసుము లేకుండా పేరు చేరుస్తారు. ఆ తర్వాత కూడా పదిహేనేళ్ల వరకు రుసుము కట్టి చేర్పించుకునే వీలుంది. ఆగకూడనిది తేదీ ఒక్కటే.

21 రోజులు దాటి 30 రోజుల లోపైతే స్వల్ప ఆలస్య రుసుముతో పని జరుగుతుంది. నెల దాటితే పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ఏడాది దాటిందా, వ్యవహారం పంచాయతీ గడప దాటిపోయినట్టే. మొదట్లో అది మొదటి తరగతి మేజిస్ట్రేటు ఉత్తర్వుతో మాత్రమే సాధ్యమయ్యేది. 2023లో చట్టాన్ని సవరించి కలెక్టరుకో, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకో, కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకో ఆ అధికారం ఇచ్చారు. 2016లో కల్లూరు రెవెన్యూ డివిజన్ ఏర్పడింది కాబట్టి పెనుబల్లి వాళ్లు ఆర్డీవో కోసం ఖమ్మం దాకా పోనక్కర్లేదు. అయినా ఆ దారిలో విచారణ ఉంటుంది, సాక్ష్యాలుంటాయి, ఎదురుచూపులుంటాయి. మూడు వారాల్లో ఒక్క సంతకంతో, పైసా ఖర్చు లేకుండా అయ్యే పని అది.

ఆ సంతకం పెట్టే కాగితాన్ని కాస్త దగ్గరగా చూడాలి. దాని పేరు ఫారం-1. ఒకే పత్రంలో రెండు భాగాలు. ఒకటి చట్టపరమైనది, రెండోది గణాంకాలకు సంబంధించినది. మొదటి దాంట్లో పుట్టిన తేదీ, ఆడో మగో, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన చోటు, కాన్పు నాటికి ఉంటున్న చిరునామా, శాశ్వత చిరునామా, సమాచారం ఇచ్చినవారి సంతకమో వేలిముద్రో. రెండో దాంట్లో తల్లి ఎంతవరకు చదివింది, పెళ్లినాటికి ఆమె వయసెంత, ఇది ఎన్నో కాన్పు, కాన్పు ఎవరు చేశారు, బిడ్డ బరువెంత. చట్టపరమైన భాగం రిజిస్టరులో శాశ్వతంగా ఉండిపోతుంది. రెండోది లెక్కల కోసం పైకి వెళుతుంది. ఏ జిల్లాలో బాలికల సంఖ్య తగ్గుతోంది, ఎక్కడ తల్లులు చిన్న వయసులోనే కంటున్నారు అన్న లెక్కలు కట్టడానికి ముడిసరుకు ఈ రెండో భాగమే.

చిక్కంతా పేర్ల దగ్గరే. ఆసుపత్రిలో రాసుకునేటప్పుడు తల్లి ఇంటిపేరు పుట్టింటిది పడుతుంది, ఆధార్‌లో అత్తింటిది ఉంటుంది. తండ్రి పేరులో ఒక అక్షరం తేడా వస్తుంది. ఆ కంగారులో ఎవరూ చదివి చూసుకోరు. పదేళ్ల తర్వాత గురుకుల ప్రవేశానికో పాస్‌పోర్టుకో వెళ్లినప్పుడు ఆ ఒక్క అక్షరం పిల్లవాడి దారికి అడ్డం పడుతుంది. తప్పు దిద్దే పద్ధతి చట్టంలో ఉంది. అసలు నమోదును చెరిపేయరు. పక్కన అంచులో సవరణ రాసి, రిజిస్ట్రారు తేదీతో సంతకం చేస్తాడు. అసలు రాత అలాగే ఉంటుంది, దిద్దుబాటూ కనిపిస్తుంది. అందుకే కోర్టులు ఆ రిజిస్టరుకు అంత విలువ ఇస్తాయి. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేముందు ఆ పేర్లన్నీ ఒకసారి చదివించుకుంటే ఈ తిప్పలే ఉండవు.

2023 అక్టోబరు 1 నుంచి ఈ కాగితం బరువు ఇంకా పెరిగింది. ఆ రోజున సవరణ చట్టం అమల్లోకి వచ్చింది. ఆనాటి నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటర్ల జాబితాకు, పెళ్లి నమోదుకు, ప్రభుత్వోద్యోగానికి పుట్టిన తేదీ, చోటు నిరూపించే ఆధారం జనన ధ్రువీకరణ పత్రమే. నమోదయ్యాక ఏడు రోజుల్లోగా సమాచారం ఇచ్చినవారికి ఆ పత్రాన్ని ఉచితంగా ఇవ్వాలని కూడా అదే సవరణ చెబుతోంది.

ఈ రిజిస్టరు కొత్తగా పుట్టింది కాదు. పెనుబల్లి ప్రాంతం నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు ఊరికి ముగ్గురు ఉండేవారు. శిస్తు వసూలుకు మాలీ పటేల్, భూమి లెక్కలకు పట్వారీ, శాంతిభద్రతలకు పోలీస్ పటేల్. ఊళ్లో దొంగతనం జరిగితే తాలూకాకు కబురు పంపేదీ, చావుపుట్టుకల లెక్క రాసేదీ ఆ పోలీస్ పటేలే. కొద్ది మైళ్ల దూరంలోనే, తిరువూరు వైపు, బ్రిటిష్ ఏలుబడిలోని కృష్ణా జిల్లా. అక్కడ కరణం, మునసబు. మునసబు ఊరి పోలీసు పనితోపాటు చిన్నపాటి బాకీ తగవులు కూడా విని తీర్పు చెప్పేవాడు. అంటే రక్షణ, న్యాయం, నమోదు ఈ మూడూ ఒకే అరుగు మీద సాగేవి. సౌకర్యమే, కాకపోతే ఆ అరుగు ఎవరి ఇంటిదో వారి దయాదాక్షిణ్యాల మీదే ఊరంతా బతకాల్సి వచ్చేది. తెలంగాణ పల్లెల్లో పటేల్, పట్వారీ అన్న మాటలకు ఇవాళ్టికీ పెద్దవాళ్ల గొంతులో వినిపించే జంకు ఊరికే వచ్చింది కాదు.

1953 అక్టోబరు 1న వరంగల్ నుంచి విడిపోయి ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1956 నవంబరు 1న సరిహద్దు చెరిగిపోయి తిరువూరు, పెనుబల్లి ఒకే రాష్ట్రంలోకి వచ్చాయి. అప్పటిదాకా తూర్పు గోదావరిలో ఉన్న భద్రాచలం 1959లో ఖమ్మంలో కలిసింది. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం పటేల్, పట్వారీ, కరణం, మునసబు వ్యవస్థలను ఒక్క దెబ్బతో రద్దు చేసింది. ఆ మరుసటి ఏడాదే మండలాలు వచ్చాయి. తాలూకా కేంద్రానికి ఎడ్లబండి కట్టుకుపోయే రోజులు పోయి ఆఫీసు నడిచి వెళ్లగలిగే దూరానికి వచ్చింది. పెనుబల్లి లాంటి ఊళ్లకు అంతకంటే పెద్ద మేలు మరొకటి జరగలేదని చెప్పినా తప్పులేదు. 2011 నవంబరు 4న మీసేవ మొదలైంది. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయి పాత సరిహద్దు మళ్లీ గీత గీసుకుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత పెద్ద ఎత్తున నియామకాలు జరిగి, ప్రతి పంచాయతీకీ ఒక కార్యదర్శి ఉండాలన్న మాట ఆచరణలోకి వచ్చింది. ఇప్పుడు పల్లెలో జనన మరణాల రిజిస్ట్రారు ఆ కార్యదర్శే. పెళ్లి నమోదు కూడా పల్లెల్లో పంచాయతీ పనే.

పుట్టుక గురించి కాస్తయినా శ్రద్ధ ఉంటుంది, ఎందుకంటే ముందున్నది బడి. చావు దగ్గరికొచ్చేసరికి దుఃఖంలో కాగితం ఎవరికి గుర్తుంటుంది? అదే చాలా ఇళ్లను ముంచుతోంది. తెలంగాణలో 2018 ఆగస్టులో రైతుబీమా మొదలైంది. పట్టాదారు పాసుపుస్తకం ఉండి, 18 నుంచి 59 ఏళ్ల వయసున్న రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి 5 లక్షల రూపాయలు. రైతు తరఫున ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, చెల్లించేది ఎల్‌ఐసీ. పది రోజుల్లో డబ్బు ఇంటికి చేరాలన్నది పథకం ఉద్దేశం. ఆ పది రోజుల పరుగు మొదలయ్యేది మరణ ధ్రువీకరణ పత్రంతోనే. వ్యవసాయ విస్తరణ అధికారి మొదట అడిగేది అదే. పెద్దకర్మ అయ్యాక చూద్దామనుకుంటే, అప్పులవాళ్లు ఆ లోపే గుమ్మంలో కూర్చుంటారు.

తర్వాత భూమి. యజమాని పోయాక వారసుల పేరిట పట్టా మారాలి, పల్లెల్లో దీన్నే ఫౌతి అంటారు. దానికి మరణ పత్రం ఒకటి, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ ఒకటి కావాలి. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి పోర్టల్‌తో తహసీల్దారే వ్యవసాయ భూములకు జాయింట్ సబ్ రిజిస్ట్రారు అయ్యాడు. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. పోర్టల్ ఏదైనా, పేరు ఏదైనా, తండ్రి చనిపోయినట్టు కాగితం లేకపోతే ఆ భూమి కాగితాల్లో తండ్రి పేరునే ఉండిపోతుంది. ముప్పై ఏళ్ల కిందట పోయిన తాత పేరున ఇవాళ్టికీ ఉన్న ఎకరాలు ఎన్ని ఊళ్లలో లేవు! ఆ తాత పిల్లలు, వాళ్ల పిల్లలు, ఊరొదిలి పోయినవాళ్లు, ఆడపడుచులు అందరూ ఒక్కచోటికి రావడం అసాధ్యమైపోయి చివరికి సివిల్ దావా పడుతుంది. అన్నదమ్ముల మధ్య నిజంగా పగ ఉండి పడే దావాలు కొన్నే. ఎప్పుడో రాయించాల్సిన కాగితం రాయించకపోవడం వల్ల పగ పుట్టే దావాలే ఎక్కువ.

జనవరి 1 సంగతి కూడా చెప్పుకోవాలి. పల్లెల్లో నడివయసు దాటిన వాళ్ల ఆధార్ కార్డులు తీసి చూస్తే పుట్టిన రోజు చాలామందికి ఒకటే, 01-01. ఆధార్ తీసుకునేనాటికి పుట్టిన తేదీ తెలియదు, కాగితం లేదు, మనిషిని చూసి అంచనాతో ఏదో సంవత్సరం వేసి జనవరి ఒకటి అని కొట్టారు. అది ఎంత దూరం పోతుందో 2024 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూపిస్తుంది. హర్యానాలో రోడ్డు ప్రమాదంలో పోయిన ఒకాయన కుటుంబం పరిహారం కోసం వేసిన కేసది. ఆయన ఆధార్‌లో పుట్టిన తేదీ 1969 జనవరి 1. బడి ధ్రువపత్రంలో 1970 అక్టోబరు 7. పరిహారం లెక్కలో మృతుడి వయసును బట్టి ఒక గుణకం ఉంటుంది. ఏడాదికి కుటుంబానికి అందే మొత్తాన్ని ఆ గుణకంతో హెచ్చవేస్తారు. 41 నుంచి 45 ఏళ్ల వారికి అది 14, 46 నుంచి 50 ఏళ్ల వారికి 13. హైకోర్టు ఆధార్ తేదీ ప్రకారం 13 వేసింది. సుప్రీంకోర్టు ఆధార్‌ను పుట్టిన తేదీకి రుజువుగా తీసుకోలేమని చెప్పి, బడి పత్రాన్నే నమ్మి, 14 వేసింది. ఆ ఒక్క అంకె అంటే ఆ కుటుంబానికి ఒక ఏడాది తిండి, చదువు, మందుల ఖర్చు.

ఖమ్మం, సత్తుపల్లి, అశ్వారావుపేట మార్గంలో లారీలు ఎలా పోతాయో రోడ్డు పక్క ఊళ్లవారికి చెప్పక్కర్లేదు. అందుకే హర్యానాలోని రోహ్‌తక్ నుంచి ఢిల్లీ దాకా వెళ్లిన ఆ కేసు పెనుబల్లికి దూరపు కథ కాదు. గుద్దిన బండి ఏదో తెలియకపోయినా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. దీనికి కావాల్సినవి పోలీసుల దగ్గర ప్రమాదం నమోదై ఉండటం, మరణం నమోదై ఉండటం. క్షతగాత్రుణ్ని ఆసుపత్రికి చేర్చినవారి మీద కేసు పెట్టరాదని, పేరు చెప్పమని బలవంతపెట్టరాదని మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ చేర్చింది. ఈ మాట ఇంకా చాలామందికి చేరలేదు. పోలీసులు పట్టుకుంటారేమోనన్న భయంతో రోడ్డు మీద మనిషిని వదిలేసి పోయేవాళ్లలో ఎక్కువమంది చెడ్డవాళ్లు కాదు, భయస్తులు.

పోలీసు స్టేషను సంగతికొస్తే, పెనుబల్లి మండలానికి వి.ఎం.బంజర్ స్టేషను. 2016లో ఖమ్మం కమిషనరేట్ అయ్యాక ఇది దాని పరిధిలోకి వచ్చింది. సరిహద్దు మండలానికి అన్నిటికంటే ముఖ్యమైన పోలీసు నిబంధన జీరో ఎఫ్‌ఐఆర్. నేరం ఎక్కడ జరిగినా, బాధితులు ఏ స్టేషన్‌కు వెళితే అక్కడ ఫిర్యాదు నమోదు చేసుకుని, ఆ తర్వాత అసలు పరిధి ఉన్న స్టేషన్‌కు బదిలీ చేయాలి. 2019 నవంబరులో హైదరాబాద్ శివార్లలో ఓ యువ పశువైద్యురాలి హత్యాచారం జరిగినప్పుడు, ఆ రాత్రి తమను పరిధి పేరుతో ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్‌కు తిప్పారని కుటుంబం వాపోయింది. ఫిర్యాదు నమోదులో జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. అదే ఏడాది డిసెంబరులో సరిహద్దు అవతల అప్పటి కృష్ణా జిల్లా కంచికచర్ల స్టేషన్లో ఆంధ్రప్రదేశ్ తొలి జీరో ఎఫ్‌ఐఆర్ నమోదైంది. వీరులపాడు మండలానికి చెందిన ఓ బాలుడు కనిపించకపోతే పరిధి చూడకుండా కేసు రాసుకుని వెతుకులాట మొదలుపెట్టారు. పిల్లవాడు దొరికాడు.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత ఆ పద్ధతిని చట్టంలోకే తెచ్చింది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా సమాచారం తీసుకోవాల్సిందేనని 173వ సెక్షన్ చెబుతోంది. నోటితో చెప్పిన ఫిర్యాదును రాసుకుని, చదివి వినిపించి, సంతకం తీసుకోవాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపినా చెల్లుతుంది, మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ముత్తగూడెం అవతల బైకు పోయినా, తిరువూరు సంతలో పర్సు పోయినా, వి.ఎం.బంజర్ స్టేషన్లో చెప్పుకోవచ్చు. తీసుకోకపోతే పై అధికారికి రాయవచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు ముందుకు వెళ్లవచ్చు. అత్యవసరానికి 100, 112. ఫోనులో మాయచేసి డబ్బు లాగేస్తే 1930, అది కూడా ఆలస్యం చేయకుండా. మోసగాడు డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు తిప్పేలోపే ఆపగలిగితేనే ప్రయోజనం.

కోర్టు సత్తుపల్లిలో, ఆపైన ఖమ్మంలో. పల్లె మనిషికి కోర్టు అంటే ప్లీడరు ఫీజు గుర్తొచ్చి గుండె జారుతుంది. న్యాయసేవల చట్టం 1987లో వచ్చింది, 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. దాని 12వ సెక్షన్ చదివితే ధైర్యం కలుగుతుంది. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, కార్మికులకు, ప్రకృతి వైపరీత్యాల బాధితులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆడవాళ్లకు ఆదాయ పరిమితి అన్న ప్రసక్తే లేదు. భర్త పోయి, ఫౌతి తేలక, మరిది భూమి దున్నుకుంటుంటే చూస్తూ కూర్చున్న కోడలికి ఆ సెక్షన్ గురించి ఊళ్లో ఎవరైనా చెప్పారా? 15100కి ఫోన్ చేస్తే చాలు, ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకు సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు, అప్పటికే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి ఇస్తారు. రాజీ పడదగ్గ క్రిమినల్ కేసులూ అక్కడ తేలతాయి.

ఉత్తరానికి, తూర్పుకు పోయి దమ్మపేట, అశ్వారావుపేట మండలాల్లోని షెడ్యూల్డ్ గ్రామాల్లో అడుగుపెడితే భూమికి వేరే చట్టం. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్‌ను 1970లో సవరించారు. ఆ ఏడాది ఫిబ్రవరి 3 నుంచి అమల్లో ఉన్న దీన్నే అందరూ 1/70 అంటారు. అక్కడ గిరిజనేతరుడు గిరిజనుడి నుంచే కాదు, మరో గిరిజనేతరుడి నుంచి కూడా భూమి కొనడం చెల్లదు. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం మొదట భావిస్తుంది, కాదని నిరూపించుకోవాల్సింది అతనే. ఈ తగవులు వినేది మామూలు సివిల్ కోర్టు కాదు, గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు. పామాయిల్ తోటల ఆశతో అటు వెళ్లి, తెల్లకాగితం మీద సాదాబైనామా రాయించుకుని డబ్బు పోగొట్టుకున్నవారికి ఏ పోర్టల్ దారి చూపదు. కొనేముందు ఆ ఊరు షెడ్యూలులో ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఆ వైపు అడవుల్లోనే ఇంకొందరున్నారు. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక, అటు తుపాకులకూ ఇటు తుపాకులకూ మధ్య నలిగి గోదావరి ఇవతలి అడవుల్లోకి వచ్చేసిన గుత్తికోయ కుటుంబాలు. సుప్రీంకోర్టు 2011 జూలైలో సల్వాజుడుంను రాజ్యాంగ విరుద్ధమని ఆపించినా, వచ్చినవారిలో చాలామంది వెనక్కి పోలేదు. మిరప కోతలకు, కూలి పనులకు పోతూ గుడిసెల్లో బతుకుతున్నారు. తెలంగాణలో వారికి ఎస్టీ గుర్తింపు లేదు. పోడు భూముల మీద హక్కు గురించి వివాదం ఉంది, అది ఎప్పుడు తేలుతుందో వేరే మాట. వాళ్ల గుడిసెలో ఇవాళ పుట్టిన బిడ్డ జననానికి మాత్రం ఏ వివాదమూ అడ్డం రాకూడదు. పుట్టిన చోటే నమోదు అన్న నియమం ఆ బిడ్డకూ వర్తిస్తుంది. ఆ చోటు తెలంగాణలో ఉంది, అంతే చాలు. కులపత్రం ఉందా అన్న ప్రశ్న ఫారం-1లో లేదు. ఆధార్ సంఖ్య కూడా ఉంటేనే రాయాలని 2023 సవరణ చెబుతోంది. కాన్పు చేసిన మంత్రసాని అయినా, అక్కడ ఉన్న ఆరోగ్య కార్యకర్త అయినా రిజిస్ట్రారుకు తెలియజేయాల్సిన బాధ్యత చట్టప్రకారమే ఉంది.

ఆ గూడేలకు ఆశా కార్యకర్త వెళుతుంది. టీకాల రోజున ఏఎన్ఎం వెళుతుంది. అంగన్‌వాడీ టీచరు గుడ్లు, బాలామృతం లెక్క రాస్తుంది. పసిబిడ్డ ఎప్పుడు పుట్టిందో వీళ్లలో ఎవరో ఒకరికి కచ్చితంగా తెలుసు. వాళ్ల సంచిలో మాత్రలతోపాటు కొన్ని ఫారం-1 కాగితాలు పెట్టి, వారానికోసారి పంచాయతీ కార్యదర్శి వాటిని తీసుకునేలా మండల స్థాయిలో ఒక ఉత్తర్వు వస్తే, 21 రోజుల గడువు ఆ అడవిలో కూడా నిలబడుతుంది. కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త ఉద్యోగి అక్కర్లేదు. ఆ ఉత్తర్వు కోసం గ్రామసభల్లో అడగాలి, మండల కార్యాలయంలో అడగాలి, ఇచ్చేదాకా అడగాలి.